కొనకనమిట్ల కట్ట మీద ఆవిరి ఏనుగు

"బావా, ఆడ నిలబడు. వెనకాల ఎండ పడతాంది, అదిరిపోద్ది" అన్నాడు మా మామ కొడుకు, ఫోన్ అడ్డంగా తిప్పి పట్టుకుని.

నేను నిలబడింది కొత్త రైలు కట్ట మీద. చుట్టూ ఎర్రమట్టి, అక్కడక్కడా జామాయిల్ తోటలు, దూరంగా కంది చేలు. పొదిలికీ మార్కాపురానికీ నడుమ ఉండే కొనకనమిట్ల ఇది. మీలో చాలామంది ఈ పేరు బస్సు కిటికీలోంచి చదివి, రెండోసారి కూడబలుక్కుని, ఫోన్‌లోకి తల దించేసి ఉంటారు. తప్పు లేదు. మా అమ్మ పుట్టిల్లు ఈ చుట్టుపక్కలే అయినా, నేనూ చాలా ఏళ్లు అదే చేశాను.

ఈ కట్ట నడికుడి–శ్రీకాళహస్తి లైనుది. దాదాపు 309 కిలోమీటర్లు. దర్శి, పొదిలి, కొనకనమిట్ల, కనిగిరి మీదుగా పోతుంది. 2011–12లో మంజూరైంది. మా మామ దీని మీద జోకు వేస్తుంటాడు: "నా పెళ్ళి చూపులప్పుడు రైలు వచ్చుద్దన్నారు అల్లుడూ. ఇప్పుడు మావోడికి సంబంధాలు చూస్తున్నాం."

సరే, మావాడి సంగతి. వాడు ఆన్‌లైన్లో కళ్ళద్దాలు తెప్పించాడు. మామూలువి కాదు. ఇత్తడి రంగు చట్రం, గుండ్రటి అద్దాలు, పక్కన ఉత్తుత్తి పళ్ళచక్రాలు. 'ఆర్కేన్' సిరీస్ చూసిన దగ్గర్నుంచి వాడికి స్టీమ్‌పంక్ పిచ్చి పట్టింది. రైలు కట్ట మీద అవి పెట్టుకుని రీల్ చేయాలని ప్లాను. "ఆవిరి ఇంజన్ల కాలం బావా, అప్పట్లో ఇట్టాంటి టెక్నాలజీ ఉండి ఉంటే ఎట్టా ఉండేదో అని ఊహ" అని నాకే క్లాసు పీకాడు.

వాడు చెప్పింది కరెక్టే. కంప్యూటర్ రాకముందు, కరెంటు పూర్తిగా రాకముందు, ఆవిరితోనే లోకమంతా నడిచిపోయిందనుకుంటే? ఆ ఊహే స్టీమ్‌పంక్. 1987లో కె.డబ్ల్యూ. జేటర్ అనే అమెరికన్ రచయిత ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో ఈ మాట వాడాడు. కొంచెం సరదాకే అన్నాడు. అది కాస్తా సినిమాలకీ, గేమ్‌లకీ, బట్టలకీ, నాటకాలకీ పాకింది. ముఖ్యంగా నాటకాలకి. అది కూడా కుర్చీలో కూర్చుని చూసేవి కాదు, మనమే లోపలికి నడిచి వెళ్ళేవి. న్యూయార్క్‌లో 2011 నుంచి 2025 జనవరి దాకా ఆడిన 'స్లీప్ నో మోర్'లో ప్రేక్షకులు తెల్ల మాస్కులు పెట్టుకుని ఐదారు అంతస్తుల్లో తిరుగుతూ మాక్బెత్ కథని ఎవరికి వాళ్లు వెతుక్కునేవాళ్లు. అందులో ఆవిరి యంత్రాలు లేవు గానీ, 'నాటకం లోపల మనం' అనే పద్ధతికి దాన్నే చెప్పుకుంటారు.

యంత్రాలే కావాలంటే ఫ్రాన్స్‌లోని నాంత్ వెళ్ళాలి. నేను వెళ్ళలేదు, వీడియోల్లో చూశాను. అక్కడ ఓడలు కట్టే యార్డులు 1987లో మూతపడ్డాయి. ఆ పాత షెడ్ల చోట 2007లో ఒక ఏనుగు బయటికొచ్చింది. 12 మీటర్ల ఎత్తు, 48 టన్నుల బరువు, చెక్కా ఇనుమూ. వీపు మీద దాదాపు 50 మందిని ఎక్కించుకుని, తొండంతో నీళ్లు చిమ్ముతూ వీధిలో నడుస్తుంది. తోలేవాళ్లు పైకి కనిపిస్తూనే ఉంటారు, అయినా పిల్లలు దాన్ని ఏనుగనే అనుకుంటారు.

ఇంతకీ ఫ్రాన్స్‌లో ఏనుగు దేనికి? నాంత్ జూల్స్ వెర్న్ పుట్టిన ఊరు. ఆయన 1880లో 'ఆవిరి ఇల్లు' అని ఒక నవల రాశాడు. కథ జరిగేది మన దేశంలోనే. 1857 తిరుగుబాటు అయిన పదేళ్ళకి, కొందరు తెల్లవాళ్ళు ఏనుగు ఆకారంలో ఉన్న ఆవిరి ఇంజన్‌కి రెండు ఇళ్ళలాంటి బళ్ళు తగిలించి ఉత్తర భారతమంతా షికారు చేస్తారు. నానాసాహెబ్ అందులో విలన్. చివర్లో బాయిలర్ పేలి ఏనుగు ముక్కలవుతుంది. అంటే స్టీమ్‌పంక్ అనే పేరు పుట్టక వందేళ్ళ ముందే ఆవిరి ఏనుగు మన నేల మీద నడిచేసింది. కాగితం మీదే, అది కూడా దొరల్ని మోస్తూ.

1880 అనగానే నాకు ఇంకో కాగితం గుర్తొస్తుంది. అదే ఏడాది కరువు కమిషన్ తన నివేదిక ఇచ్చింది. 1876–78 కరువు మీద. మన పెద్దోళ్ళు దాన్ని ధాత కరువు అంటారు, అది మొదలైన తెలుగు సంవత్సరం పేరుతో. ఈ ప్రాంతం అప్పుడు ఒక జిల్లా కాదు. పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి, మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలో. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. రెండు వైపులా కరువు ఊడ్చేసింది. దేశం మొత్తమ్మీద 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా.

ఇదంతా మావాడికి చెప్పలేదు అప్పుడు. "బండి తియ్యరా, మార్కాపురం పోదాం. నీ స్టీమ్‌పంక్ అక్కడుంది" అన్నాను.

మార్కాపురం అంటే పలక. మీరు ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ ఒకటో తరగతి చదివి, చేతిలో రాతి పలక పట్టుకుని ఉంటే, అది ఇక్కడి నేలలోంచి వచ్చి ఉండే అవకాశం చాలా ఎక్కువ. నల్లటి రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి సరైన చోట కొడితే పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోతుంది. దాన్ని సైజుకి కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే పలక. తర్వాత నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకీ, నేలకీ, ఇంటి కప్పులకీ పోతోంది. విదేశాలకి కూడా.

మా తాత పలకల పనికి పోయేవాడు. ఆయన గురించి నాకున్న ఒకే ఒక్క గుర్తు, సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి కనుబొమల మీద బూడిద రంగు దుమ్ము. ఆయన మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు. కళ్ళకేమీ ఉండేది కాదు. ముసలితనంలో రెండు మెట్లు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకునేవాడు. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, దాన్ని సిలికోసిస్ అంటారు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాల కార్ఖానాల కూలీల మీద డాక్టర్లు పరిశోధనలు చేసి బయటపెట్టారు. మా తాతని ఏ డాక్టరూ ఆ పేరుతో పిలవలేదు. "ఆయాసం" అన్నారంతే.

ఒక అంగడి బయట రాళ్ళు పేర్చి ఉంటే మావాడు పక్కన నిలబడి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఫొటో తీశాను. బాగానే వచ్చింది. కానీ ఆ అద్దాలు చూస్తుంటే నాకొకటి తట్టింది. స్టీమ్‌పంక్ వేషం అనగానే అందరూ ముందు పెట్టుకునేది ఈ గాగుల్సే. ఆవిరి, నిప్పురవ్వలు, దుమ్ము నుంచి కళ్ళని కాపాడుకోవడానికి. ఆ కాలంలో అసలు వాటి అవసరం ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఉన్నాయవి?

దొనకొండ వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. దొనకొండ పేరు మీరు 2014లో విని ఉంటారు, కొత్త రాజధాని ఇక్కడేనని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అంతకు ముందు దీని గొప్పంతా రైలుది. మీటర్ గేజ్ రోజుల్లో ఇక్కడ లోకోషెడ్డు ఉండేది, రైల్వే క్వార్టర్సు, ఇంజన్ల సందడి. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ విమానాల రన్‌వే కూడా ఉంది. సెట్టు వేయనక్కర్లేని ఊరు. ఎవడైనా ఆర్ట్ డైరెక్టర్ చూస్తే ఏడుస్తాడు.

మా మామ చిన్నప్పుడు ఈ లైను మీద బొగ్గు బండి ఎక్కాడు. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో బొగ్గు నలుసు పడేదట. "అమ్మ కొంగు చివర నోట్లో తడిపి తీసేది" అని చెప్పాడోసారి. ఆవిరి యుగం మా ఇంట్లో మిగిల్చిన కథ ఇంతే, ఒక నలుసంత.

ఈ లైను ఎందుకు వేశారో తెలుసా? గుంతకల్లు నుంచి బెజవాడ దాకా 1880ల్లో వేసిన దీని పేరు బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. కరువు వస్తే గింజలు చేరవేయడానికని చెప్పి వేసిన లైన్లలో ఇదొకటి. ధాత కరువు అయ్యాక వచ్చిన బుద్ధి అనుకోవచ్చు. కానీ కథ అంత తేలిక కాదు. ఆ కరువులో రైళ్ళు ఉన్నచోట్లకి గింజలు వచ్చాయి, నిజమే. రైలు ఉన్నచోటి నుంచే ధర ఎక్కువ పలికే చోటికి గింజలు పోయాయి కూడా. ఇక్కడ జనం చస్తున్న ఆ ఏళ్లలోనే ఇంగ్లండుకు గోధుమల ఓడలు వెళుతూనే ఉన్నాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటిస్తూ లిట్టన్ పెద్ద దర్బారు చేశాడు. అదే నెలలో కరువు పనులు చూడటానికి రిచర్డ్ టెంపుల్ అనే దొర మద్రాసు వైపు బయల్దేరాడు. కరువు పనికి వచ్చిన మగమనిషికి ఆయన కట్టిన కూలి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా. ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా గొడవ పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి పెంచారు. ఆ కొన్నాళ్ళలో ఏమైందో ఊహించుకోవాల్సిందే.

ఆవిరి యుగాన్ని నాటకంగా ఆడాలంటే ఇంతకన్నా సీను ఏం కావాలి?

మనోళ్ళకి ఇది చేతకాదని అనుకోకండి. ఈ పట్టాలు పరుస్తున్న దశాబ్దంలోనే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళిలో వనారస వంశం వాళ్ళు కీచకవధ ఆడారు. అంతకు ముందు వాళ్ళు తోలుబొమ్మలాట కళాకారులు. అక్కణ్ణుంచి సురభి కంపెనీలు ఊరూరా తిరిగాయి. హైదరాబాద్‌లో నేను వాళ్ళ 'మాయాబజార్' చూశాను. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోయాయి. గ్రాఫిక్స్ లేవు. తాళ్ళు, కప్పీలు, సన్నటి తీగలు, రంగులేసిన తెరలు, చీకట్లో నిలబడి సరైన క్షణంలో లాగే చేతులు. నాంత్ ఏనుగులో ఉన్నదీ అదే లెక్క, హైడ్రాలిక్స్ తేడా.

ఇక ప్రేక్షకుడు నాటకం లోపల ఉండటమా? పగటివేషాలు మర్చిపోయామా? పఠాను వేషమో బైరాగి వేషమో కట్టి నేరుగా మీ గడపలోకే వచ్చేవాళ్ళు. స్టేజీ లేదు, టికెట్టు లేదు. ఆ క్షణాన మీ అరుగే రంగస్థలం, మీరే పాత్ర. ఊళ్ళో మకాం వేసి రోజుకో వేషం కట్టి, చివరి రోజు అందరి దగ్గరా సంభావన తీసుకుని వెళ్ళేవాళ్ళు. దీనికి న్యూయార్క్‌లో వందల డాలర్లు అని తెలిస్తే ఆ పెద్దమనుషులు ఏమనేవారో.

చరిత్రని తిరగరాసుకోవడమూ మనకి కొత్త కాదు. 'ఆర్‌ఆర్‌ఆర్'లో అల్లూరి, కొమురం భీమ్ దోస్తీ చేశారు. నిజంగా కలిసినట్టు ఎక్కడా లేదు. కానీ థియేటర్లో ఎవరూ లేచి "ఇది జరగలేదు" అనలేదు కదా. మంచి ఊహ ఒకటి ఉంటే జనం నడుస్తారు. నా పేచీ ఊహతో కాదు, ఊహలో ఎవరు ఏనుగు పైన కూర్చున్నారు, ఎవరు బొగ్గు వేస్తున్నారు అనేదానితోనే. నాంత్ వాళ్ళు కూడా ఆ పేచీని తప్పించుకోలేదు. ఒకప్పుడు ఫ్రాన్స్‌లో బానిసల వ్యాపారానికి అతి పెద్ద రేవు ఆ ఊరే. 2012లో నది ఒడ్డున దానికొక స్మారకం కట్టుకున్నారు. ఏనుగూ ఆ స్మారకమూ ఒకే ఊళ్ళో ఉన్నాయి.

గిద్దలూరు దాకా పోయి, దిగువమెట్ట దాటి, నల్లమల లోపలి పాత దొరబావి వంతెన చూపిద్దామని ఉండింది మావాడికి. గేజ్ మార్చినప్పుడు 1990ల్లో బోగద సొరంగం వైపు కొత్త దారి వేసి, ఆ వంతెనని అడవికి వదిలేశారు. కానీ పొద్దు చాల్లేదు, పైగా అది పులులు తిరిగే అడవి, అనుమతి లేకుండా పోకూడదు. రీల్ కోసం అస్సలు పోకండి.

ఇంకో మాట. ఈ చుట్టుపక్కల జూల్స్ వెర్న్ మార్కు యంత్రం ఇప్పటి కాలానిది ఒకటుంది. దోర్నాల దగ్గర వెలిగొండ ప్రాజెక్టు కోసం కొండని తొలిచిన టన్నెల్ బోరింగ్ మెషిన్. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు ఇటు తేవడానికి 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. ధాత కరువు నుంచి లెక్కేస్తే నూట యాభై ఏళ్ళుగా ఈ నేల ఎదురుచూస్తున్నది నీళ్ళ కోసమే. మా కొనకనమిట్ల వైపు తాగే నీళ్ళలో ఫ్లోరైడ్, ఇంటికొకరు బేల్దారి పనికి హైదరాబాదో బెంగళూరో.

తిరిగొచ్చేటప్పుడు ఒక కొట్టు దగ్గర బండి ఆపించాను. "అన్నా, జొన్నలు నాలుగొందల యాభై గ్రాములు."

"అరకేజీ తీసుకోరాదా?" అన్నాడు కొట్టాయన.

"వద్దన్నా, సరిగ్గా నాలుగొందల యాభై."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, గింజలు తూచి, పొట్లం కట్టిచ్చాడు. ఒక పౌను దాదాపు అంతే.

కట్ట దగ్గరకి వచ్చేసరికి ఎండ మెత్తబడింది. బడి వదిలిన పిల్లలు నలుగురైదుగురు మావాడి కళ్ళద్దాలు చూసి చుట్టూ చేరారు. వాడికి హుషారొచ్చింది. "రేయ్, నాటకం ఆడదామా? నేను దొరని" అన్నాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. తట్టల్లేవు కాబట్టి స్కూల్ బ్యాగులే తట్టలు. వాళ్ళు బ్యాగుల్లో మట్టి ఉన్నట్టు వంగి నడుస్తూ కట్ట ఎక్కుతున్నారు, దిగుతున్నారు, నవ్వుకుంటున్నారు. ఒకడు తొండంలా చెయ్యి ఊపుతూ "చుక్ చుక్" అన్నాడు. ఏనుగా, రైలా అంటే రెండూ అన్నాడు.

నాలుగు రౌండ్లు అయ్యాక నేను పొట్లం విప్పి మావాడి చేతిలో పెట్టాను. "దొరా, కూలి ఇవ్వు. ఒక మనిషికి రోజంతా పని చేస్తే ఇదీ."

వాడు రెండు చేతులూ దోసిలి పట్టాడు. దోసిలికి కాస్త ఎక్కువ గింజలు. అంతే.

"ఇదేనా బావా? పొద్దుగూకులూ మోస్తేనా?"

"ఇంకో అణా కూడా."

"అణాకి ఏం వచ్చేది?"

"కరువు రోజుల్లో ధరలు ఎట్టా ఉంటయ్యో నువ్వే చెప్పు."

పిల్లల్లో చిన్నది, రెండు జడల పిల్ల, ముందుకొచ్చి గింజల్లో వేలు పెట్టి చూసింది. "మరి వాళ్ళింట్లో పాప ఉంటే?" అంది. మావాడు నా వైపు చూశాడు. నేనూ వాడి వైపే చూశాను. దొర దగ్గర ఆ ప్రశ్నకి లెక్క ఉండింది నిజానికి, ఆడవాళ్ళకింత పిల్లలకింత అని. ఆ లెక్క ఆ పిల్లకి చెప్పబుద్ధి కాలేదు.

రీల్ తీయలేదు. వాడే వద్దన్నాడు. మళ్ళీ ఎప్పుడైనా పెద్దగా చేద్దామన్నాడు. సురభి లాగా తెరలు కట్టి, పలక రాళ్ళతో ఒక ఏనుగు చేసి, చూడ్డానికొచ్చిన ప్రతివాడి చేతా తట్ట మోయించి, చివర్లో పౌను గింజలు తూచి ఇవ్వాలట. "టికెట్టు ఒక అణా" అన్నాడు. అణా యాడ దొరుకుద్దిరా అంటే, "అదే కదా బావా గేమ్, వెతుక్కోవాలి" అన్నాడు.

చీకటి పడుతుండగా ఇంటికొచ్చాం. మామ అరుగు మీద కూర్చుని బండరాళ్ళు కోసే మిషన్‌కి బ్లేడు మారుస్తున్నాడు. తెల్లారితే మార్కాపురంలో ఎవరింటికో నేల పరిచే పని. కొడుకు నెత్తి మీద ఉన్న కళ్ళద్దాలు చూశాడు.

"ఏందిరా అయ్యి?"

"స్టీమ్‌పంక్ గాగుల్స్ నాయనా."

మామ చెయ్యి చాపి తీసుకుని, పక్కనున్న ఉత్తుత్తి పళ్ళచక్రాన్ని గోటితో ఊడగొట్టి, అద్దాలు చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని చూశాడు. మిషన్ ఆన్ చేసి ఒక రాతి ముక్క మీద ఆనించాడు. దుమ్ము లేచింది.

"బాగుండయ్యిరా" అన్నాడు, మిషన్ ఆపకుండానే. "నాకాడ ఉండనీ."